సంతకం పెట్టే ముందు: పీహెచ్‌సీలో హౌస్‌సర్జన్ పనిని అంచనా వేయడం ఎలా

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) పనిచేస్తున్న మెడికల్ ఆఫీసర్ల కోసం, ముఖ్యంగా ఒంగోలు, నెల్లూరు వైద్య కళాశాలల నుంచి హౌస్‌సర్జన్లు (ఎంబీబీఎస్ చదువు ముగించి ఏడాది శిక్షణలో ఉన్నవారు) వచ్చే పీహెచ్‌సీల్లో కొత్తగా చేరిన వారి కోసం ఇది రాస్తున్నాను. ఈ పిల్లలు వస్తారు, కొన్ని వారాలు ఉంటారు, చివరి రోజు లాగ్‌బుక్‌లు (తాము చేసిన పనులు రాసుకునే పుస్తకాలు) మన బల్ల మీద పేర్చి నిలబడతారు. సంతకం పెట్టాల్సింది మనం. ఆ సంతకానికి ముందు ఏం చూడాలో, ఎలా చూడాలో, చూసింది వాళ్లకు ఎలా చెప్పాలో మనకెవరూ నేర్పలేదు.

ఒక ఏడాది నేను కూడా కట్టగా వచ్చిన లాగ్‌బుక్‌ల మీద వరుసగా సంతకాలు పెట్టేశాను. కొన్ని నెలలు గడిచాక ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు ఆ బ్యాచ్ అమ్మాయి ఫోన్ చేసింది. ఎక్కడో చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. పాము కాటు కేసు వచ్చింది. "మేడమ్, రక్తం గడ్డకట్టే పరీక్షకు ప్లాస్టిక్ గొట్టం పనికొస్తుందా?" అని అడిగింది. పనికిరాదని చెప్పి, గాజుది వెతికించమని, మిగతాదంతా ఫోన్లోనే చెప్పాను. రోగి బతికాడు. కానీ ఆ పరీక్ష స్వయంగా చేసినట్టు ఆమె లాగ్‌బుక్‌లో నా సంతకం ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కళ్లతో చూడని పనికి సంతకం పెట్టడం అప్పటితో మానేశాను. కింద రాసిందంతా ఆ తర్వాత పని చేస్తూ నేర్చుకున్నది.

నిబంధన మీకు అండగా ఉంది

జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన ఇంటర్న్‌షిప్ నిబంధనల ప్రకారం హౌస్‌సర్జన్సీ 52 వారాలు. అందులో అన్ని విభాగాల కంటే ఎక్కువగా 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్‌కు (ఊళ్లలో జనం ఆరోగ్యం చూసే విభాగానికి) ఇచ్చారు. ఆ పన్నెండులో మన దగ్గర గడిపేవి ఎన్ని వారాలన్నది కళాశాల వేసే పట్టికను బట్టి ఉంటుంది. లాగ్‌బుక్ రాయడం తప్పనిసరి. పని సంతృప్తికరంగా లేదని తేలితే ఆ పోస్టింగ్‌ను మళ్లీ చేయించవచ్చు. మన సంతకానికి ఇంత విలువ ఉందని గుర్తుంటే, అవసరమైనప్పుడు దాన్ని ఆపడానికి ధైర్యం వస్తుంది.

ఏం చూడాలో ముందే రాసుకోండి

1990లో జార్జ్ మిల్లర్ అనే అమెరికా వైద్య విద్యావేత్త వైద్యుడి సామర్థ్యాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు. అడుగు మెట్టు మీద ఉన్నవాడికి విషయం తెలుసు. రెండో మెట్టు మీద ఎలా చేయాలో తెలుసు. మూడో మెట్టు మీద చేసి చూపించగలడు. పై మెట్టు మీద ఉన్నవాడు ఎవరూ అడగకుండానే రోజువారీ పనిలో చేస్తున్నాడు. కింది రెండు మెట్లనూ కళాశాల నాలుగున్నరేళ్లు పరీక్షల మీద పరీక్షలు పెట్టి చూసింది. మూడోది ప్రాక్టికల్స్‌లో చూసింది. పై మెట్టు కనబడేది మన ఓపీలో, మన ఊళ్లలో. అందుకే పీహెచ్‌సీలో క్విజ్‌లూ వైవాలూ పెట్టి సమయం పోగొట్టుకోవద్దని నా సలహా. రక్తహీనతకు కారణాలు పది చెప్పమంటే పదీ చెబుతారు. ఎదురుగా కూర్చున్న గర్భిణి కింది రెప్ప లాగి చూస్తున్నారా లేదా అన్నదే మీరు కనిపెట్టాల్సింది.

బ్యాచ్ రాకముందే ఒక అట్ట మీద పది పన్నెండు పనులు రాసి పెట్టుకోండి. సగం ఎక్కడైనా ఉండేవే: సరిగ్గా బీపీ చూడటం, గర్భిణిని పరీక్షించడం, టీకా వేయడం, గాయానికి కట్టు కట్టడం, విరేచనాలతో వచ్చిన బిడ్డలో నీరు ఎంత తగ్గిందో చూడటం, పెద్దాసుపత్రికి పంపేటప్పుడు చీటీ రాయడం. మిగతా సగం మాత్రం మీ ఊరి నుంచి రావాలి. కనిగిరి, పొదిలి వైపు పీహెచ్‌సీ అయితే తాగే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు లేకుండా ఆ పట్టిక పూర్తి కాదు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పొడి పీల్చే కూలీ దగ్గుతో వస్తే ఏం అడగాలో ఉండాలి. పొగాకు ఆకు కోసే కాలంలో తడి ఆకు మోసిన కూలీలు వాంతులు, తలతిరుగుడుతో వస్తారు. ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరడం వల్ల వచ్చే బాధ అది. గ్యాస్ అని రాసి పంపేస్తున్నారేమో చూడాలి. నెల్లూరు కోస్తాలో రొయ్యల గుంటల దగ్గరా, పెన్నా కింద వరి పొలాల్లోనూ పనిచేసేవాళ్లుంటే పాము కాటు ఉండి తీరాలి. యానాది గిరిజనుల కాలనీలు మీ పరిధిలో ఉంటే రెండు వారాలకు మించిన దగ్గునూ, బిడ్డల తూకాన్నీ విడిగా రాసుకోండి.

మొదటి రోజు

వచ్చిన రోజే కూర్చోబెట్టి అట్ట చూపించండి. ఏం చూడబోతున్నారో దాచకండి, దొంగచాటుగా పట్టుకోవడానికి ఇది తనిఖీ కాదు. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడగండి: ఈ పనుల్లో ఒంటరిగా చేసినవి ఏవి, పక్కన నిలబడి చూసినవి ఏవి, అసలు చూడనివి ఏవి? అందరి ముందూ అడిగితే అన్నీ వచ్చనే అంటారు. విడిగా అడిగితే నిజం చెబుతారు. జార్జియా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్థాన్‌లలో చదివి, ఇక్కడి అర్హత పరీక్ష రాసి వచ్చిన పిల్లల్లో కొందరు తెలుగు రోగితో మొదటిసారి మాట్లాడేది మన దగ్గరే. అది వాళ్ల తప్పు కాదు. మొదటి వారం వాళ్లను అంచనా వేయకుండా మీ పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు, రెండో వారానికి మాట వచ్చేస్తుంది.

ఆ రోజే ఇంకొక్క పని. అత్యవసర మందుల ట్రే దగ్గరకు తీసుకెళ్లి అడ్రినలిన్ తీసి ఇవ్వమనండి. వెతుక్కుంటారు. మూడో రోజు మళ్లీ అడగండి. అప్పుడూ వెతుక్కుంటే నోటుపుస్తకంలో రాసుకోండి.

ఓపీలో పక్కన కూర్చుని చూడటం

అసలు పని ఇదే. హౌస్‌సర్జన్ నిజమైన రోగిని చూస్తుండగా పెద్ద వైద్యుడు పక్కనుండి గమనించి, వెంటనే నాలుగు మాటలు చెప్పే పద్ధతి ఒకటి 1990ల నుంచి అమెరికాలో స్థిరపడింది. జాన్ నార్సిని వంటివారు దానికి రూపమిచ్చారు. గమనించడానికి పదిహేను ఇరవై నిమిషాలు, చెప్పడానికి ఐదు పది నిమిషాలు అన్నది వాళ్ల లెక్క. వంద దాటే మన ఓపీలో అంత సమయం ఎక్కడిదని అడుగుతారు. నేనూ అదే అనుకున్నాను. అందుకని రోగిని మొదటి నుంచి చివరి దాకా చూడను. ఒక రోగి దగ్గర బాధ అడగడం మాత్రమే చూస్తాను. ఇంకో రోగి దగ్గర పరీక్ష చేయడం, మరొకరి దగ్గర మందులు వివరించడం. ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాల్లో ఒక్కొక్కరిని ఎనిమిది సార్లు చూసినట్టవుతుంది. ఒక్కసారి చూసి ఎవరి మీదా అభిప్రాయానికి రావద్దు. జ్వరం బిడ్డను చక్కగా చూసిన అమ్మాయి తాగి వచ్చిన రోగి ముందు నోరు మెదపలేకపోవచ్చు. ఒక కేసులో బాగా చేసినవారు ఇంకో కేసులోనూ అంతే బాగా చేస్తారన్న హామీ లేదు. చూసే కేసు మారాలి. వీలైతే చూసే మనిషీ మారాలి.

ఎక్కడ కూర్చుంటారన్నది చాలా ముఖ్యం. మీ కుర్చీ మీ బల్ల వెనకే ఉంటే రోగి మీతోనే మాట్లాడతాడు, హౌస్‌సర్జన్ గుమాస్తాలా రాసుకుంటాడు. మీ కుర్చీ అతనికివ్వండి. మీరు రోగి భుజానికి కాస్త వెనకగా, పక్కకు కూర్చోండి. రోగికి ముందే చెప్పండి: "ఈ డాక్టరు గారు మిమ్మల్ని చూస్తారు, నేను ఇక్కడే ఉంటాను, మీకు ఇబ్బంది లేదు కదా?" ఇబ్బంది అంటే మీరే చూడండి. స్త్రీల పరీక్షలకు తెర, పక్కన ఏఎన్‌ఎం తప్పనిసరి. ఆ తర్వాత నోరు కట్టేసుకోండి. ఇది అన్నిటికంటే కష్టమైన పని. రోగికి హాని జరుగుతుందనిపిస్తే తప్ప కలగజేసుకోకండి. జరుగుతుందనిపిస్తే క్షణం కూడా ఆగకండి.

ఏం కనబడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఫిబ్రవరిలో పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పనిచేసే కూలీ ఒకామె వచ్చింది, యాభై దాటిన మనిషి. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చి, వరుసలో నిలబడి, పిలవగానే గబగబా లోపలికి వచ్చి కూర్చుంది. బుగ్గన పొగాకు ఉంది. హౌస్‌సర్జన్ మర్యాదగానే పలకరించాడు. ఆమె మోకాళ్ల నొప్పి గురించి చెబుతూ ఉండగానే రవిక చేతి మీదుగానే బీపీ పట్టీ చుట్టేశాడు. చెయ్యి గాలిలో వేలాడుతోంది. ఆమె మాట్లాడుతూనే ఉంది. 164 బై 98 వచ్చింది. అతను చీటీ మీద బీపీ బిళ్ల ఆమ్లోడిపిన్ రాయబోయాడు. నేను ఆపి, ఆమెను వరండాలో గోడకు ఆనుకుని కూర్చోమన్నాను. పొగాకు ఉమ్మేసి నోరు కడుక్కోమన్నాను. అరగంట తర్వాత అతనితోనే మళ్లీ చూడమన్నాను. ఈసారి వీపుకు ఆసరా, పాదాలు నేల మీద, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో, పట్టీ ఒంటి మీద, ఇద్దరూ మాట్లాడకుండా. 136 బై 84 వచ్చింది. ఆ రెండు అంకెలనూ నోటుపుస్తకంలో పక్కపక్కన రాయించాను. ఆ అబ్బాయికి బీపీ కొలిచే పద్ధతి అడిగితే తడుముకోకుండా చెప్పగలడు. పనిలో మాత్రం చేయలేదు. కాగితం మీద ఎన్ని పరీక్షలు పెట్టినా ఈ తేడా బయటపడదు.

రెండోది భాష. రోగి మాటను రోగి మాటగా వింటున్నారా, వినకముందే పుస్తకం మాటలోకి మార్చేస్తున్నారా అన్నది చూడండి. "కాళ్ల తీపులు" అంటే ఏ రకం నొప్పి అని తిరిగి అడుగుతున్నారా? "వేడి చేసింది" అంటే మూత్రంలో మంటా, నోటిపూతా, ఒళ్లు కాలడమా? "తెల్లబట్ట" అన్న మాట ఎంత తగ్గు గొంతుతో వస్తుందో, అది వినగానే గదిలో ఉన్న మిగతావారిని బయటికి పంపాలని తోస్తోందా? నెల్లూరు అవ్వ "అబ్బయా, గుండెలో ఏదో మాదిరిగా ఉంది" అంటే వెంటనే ఈసీజీ రాసేవారూ ఉన్నారు, గ్యాస్ బిళ్ల రాసేవారూ ఉన్నారు. "ఏ మాదిరిగా ఉందవ్వా, ఎప్పుడు వస్తోంది?" అని ఇంకో ప్రశ్న వేసినవారికే నేను మంచి మాట రాస్తాను.

మూడోది, రోగి బతుకు గురించిన ప్రశ్న. నడుము నొప్పి అని ఒక రైతు వచ్చాడు, కనిగిరి వైపు ఊరు. హౌస్‌సర్జన్ అమ్మాయి నొప్పి ఎప్పటి నుంచి, ఎటు పాకుతోంది, తిమ్మిర్లు ఉన్నాయా అని క్రమం తప్పకుండా అడిగింది. నొప్పి బిళ్ల డైక్లోఫెనాక్ రాసింది. తాగే నీళ్లు ఎక్కడివని అడగలేదు. అతను వెళ్లబోతుంటే ఆపి, ఆ అమ్మాయి చేతే మూడు పనులు చేయించాను. మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు తాకమనడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించమనడం, చేతులు పక్కలకు చాపి మడిచి తల వెనక తాకించమనడం. మొదటిదీ రెండోదీ అతని వల్ల కాలేదు. పళ్ల మీద గోధుమరంగు మరకలు అప్పుడు కనిపించాయి ఆమెకు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకె ఆమెకు ముందే తెలుసు. ఆ రోజు తర్వాత పోస్టింగ్ ముగిసే దాకా ఆమె అడగని రోగి లేడు, నీళ్లు ఎక్కడివని. ఒక లోపం కనబడటం, తర్వాతి వారం అది సరిదిద్దుకోవడం, ఈ రెండింటినీ తేదీలతో రాసుకున్నాను. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారన్నది మొదటి రోజు సామర్థ్యం కంటే నాకు ముఖ్యం.

చేతిపని

లాగ్‌బుక్‌లో "చేశాను" అని రాసుకున్న ప్రతి పనినీ కనీసం ఒకసారి కళ్లారా చూడండి. ఫోన్ చేసిన ఆ అమ్మాయి వల్ల, పాము కాటు పరీక్షను నేను కేసు వచ్చేదాకా ఆగకుండా ముందే చేయించి చూస్తాను. శుభ్రంగా, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టం కావాలి. సబ్బునీళ్లతో కడిగిన పాతది పనికిరాదు, దానివల్ల తప్పు ఫలితం వస్తుంది. సిర నుంచి తీసిన రక్తం రెండు మిల్లీలీటర్లు. స్టాండులో పెట్టి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ తర్వాత ఒకే ఒక్కసారి వంచి చూడాలి. పరీక్ష చేస్తున్నవారిలో నేను గమనించేది ఆ 20 నిమిషాలనే. గడియారం చూసి సమయం రాసుకున్నారా? ఆగలేక మధ్యలో గొట్టం ఎత్తి ఊపారా? ఎత్తితే మళ్లీ మొదటి నుంచి. ఆఖరున ఒక ప్రశ్న వేస్తాను: రక్తం గడ్డకట్టింది, రోగిని ఇంటికి పంపవచ్చా? పంపవచ్చని అన్నవారికి కట్లపాము గురించి ఇంకా చెప్పాల్సింది ఉందన్నమాట. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు నొప్పితో లేస్తాడు, కాటు గాటు కనబడదు, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, కాసేపటికి రెప్పలు వాలతాయి. రక్తపింజర కాటులో రక్తం గడ్డకట్టదు, కట్లపాము కాటులో గడ్డకడుతుంది. ఈ తేడా నోటితో చెప్పగలిగి, గొట్టాన్ని కదపకుండా ఉంచగలిగినవారికే ఆ గడిలో నా సంతకం.

టీకాలకు బుధవారం, శనివారం ఎలాగూ ఉన్నాయి. సూది గుచ్చడం ఒక్కటే చూస్తే సరిపోదు. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా కలిపిన సీసా మీద కలిపిన సమయం రాశారా చూడండి. మధ్యాహ్నం ఆ సీసాలో రెండు డోసులు మిగిలితే చేతికిచ్చి, "రేపు వాడవచ్చా?" అని అడగండి. నాలుగు గంటలు దాటిన ఎంఆర్, బీసీజీ సీసాలను పారేయాల్సిందే. పెంటావాలెంట్ వంటివైతే లేబుల్ మీద వేడి తగిలితే రంగు మారే వ్యాక్సిన్ గుర్తు, నిల్వ సరిగ్గా ఉంటే 28 రోజుల దాకా వాడుకోవచ్చు. తల్లికి ఏ టీకా వేశారో, ఏ ఇబ్బంది రావచ్చో, మళ్లీ ఎప్పుడు రావాలో, కార్డు దాచుకోవాలనీ చెప్పారా? అరగంట కూర్చోబెట్టారా? కట్టు కట్టడం, కుట్లు వేయడం స్టాఫ్ నర్సు నాకంటే బాగా చూడగలరు. ఆ రెండూ ఆమెకే వదిలేస్తాను.

మందుల కిటికీ దగ్గర

ఖర్చు లేని, చాలామందికి తట్టని పద్ధతి ఒకటి ఉంది. హౌస్‌సర్జన్ చూసి పంపిన రోగి మందులు తీసుకుని వెళుతుంటే కిటికీ దగ్గర ఆపి, బిళ్లలు అరచేతిలో పెట్టి, "ఇవి ఎలా వేసుకోమన్నారు?" అని అడగండి. హౌస్‌సర్జన్‌ను పక్కన నిలబెట్టుకోండి. ఒకరోజు చేపల వేటకు వెళ్లే పెద్దాయన బీపీ బిళ్ల చూపించి, "తల తిరిగినప్పుడు వేసుకుంటాను" అన్నాడు. రోజూ వేసుకోవాలని హౌస్‌సర్జన్ చెప్పిన మాట వాస్తవమే, నేను విన్నాను. చెప్పడమైతే జరిగింది, ఆయనకు చేరలేదు. ఆ అబ్బాయి ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టి, వేటకు తెల్లవారుజామున వెళతాడు కాబట్టి రాత్రి అన్నం తిన్నాక వేసుకునేలా మాట కుదుర్చుకున్నాడు. ఆయన చేత ఆ మాట తిరిగి చెప్పించాడు. ఆ రోజు నేను ఎక్కువ విలువ ఇచ్చింది ఆ రెండో సంభాషణకే.

ఊళ్లోకి

ఆశా కార్యకర్త వెంట ఇంటింటికీ పంపినప్పుడు తప్పకుండా ఒకసారి మీరూ వెళ్లండి. ఇంట్లోకి పిలిచేదాకా ఆగారా, చెప్పులు విడిచారా, మంచం మీద ఉన్న ముసలాయనతో మాట్లాడారా లేక కోడలితోనే మాట్లాడి వచ్చేశారా? బాలింత ఇంట్లో బిడ్డను తూచేటప్పుడు ఐరన్ మాత్రలు ఎన్ని మిగిలాయో డబ్బా తెరిచి లెక్కపెట్టారా? ఇవన్నీ పది నిమిషాల్లో తెలిసిపోతాయి.

ఆశాను, ఏఎన్‌ఎంను, ఫార్మసిస్టును, ల్యాబ్ టెక్నీషియన్‌ను నెల చివర విడివిడిగా రెండే ప్రశ్నలు అడగండి. ఈ డాక్టరుతో మళ్లీ పని చేస్తారా? మీ ఇంట్లోవాళ్లకు బాగోలేకపోతే ఈయనకు చూపిస్తారా? రెండో ప్రశ్నకు ముందు కాసేపు మౌనంగా ఉండిపోతే, ఆ మౌనానికి కారణం అడిగి తెలుసుకోండి. చాలాసార్లు అది రోగి మీద కసురుకోవడమో, రాత్రి పిలిస్తే రాకపోవడమో అయి ఉంటుంది.

చూసింది ఎలా చెప్పాలి

అదే రోజు చెప్పండి. వీలైతే ఆ రోగి వెళ్లిన వెంటనే, తలుపు వేసి. రోగి ముందూ, తోటి హౌస్‌సర్జన్ల ముందూ వద్దు. వారం తర్వాత చెబితే వాళ్లకు ఆ రోగే గుర్తుండడు.

ముందు వాళ్లను అడగండి, ఏది కుదిరిందనిపించింది, ఏది కుదరలేదని. మంచి పిల్లలు తమ తప్పులే ముందు చెబుతారు. బీపీ చూసిన ఆ అబ్బాయి కూడా తలవంచుకుని "తప్పు చూశాను మేడమ్" అన్నాడు. "ఆమె మోకాళ్ల గురించి చెబుతుంటే మధ్యలో ఆపలేదు. అది బాగుంది, అలాగే ఉంచుకోండి. రవిక మీద పట్టీ కట్టారు, ఆమె కుదురుకునేదాకా ఆగలేదు. రేపు మొదటి ముగ్గురి బీపీ నా ఎదుట చూడండి" అన్నాను. అంతకు మించి చెప్పలేదు. ఒక మంచి, ఒక లోపం, రేపు చేయాల్సిన ఒక పని. ఐదు లోపాలు కనబడినా ఒక్కటే చెప్పండి. ఐదూ చెబితే ఒక్కటీ మిగలదు. రోగికి హాని చేసే లోపం ఉంటే మాత్రం ముందు దాన్నే ఎత్తుకోండి.

"బాగా చేశావు", "ఇంకా శ్రద్ధ పెట్టాలి" వంటి మాటలతో ఎవరికీ ఏమీ తెలియదు. కసిరితే వాళ్లు నేర్చుకునేది మీకు కనబడకుండా చేయడమే. మనలో చాలామందిని వార్డుల్లో అందరి ముందూ నిలదీసి పెంచారు. ఆ పద్ధతి మనతోనే ఆగిపోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

రాసుకోవడం

వందపేజీల నోటుపుస్తకం ఒకటి చాలు. ఒక్కొక్కరికి నాలుగు పేజీలు. చూసిన ప్రతిసారీ తేదీ, రోగి బాధ, నేను చూసిన భాగం, కళ్లకు కనబడినది. "మంచి అమ్మాయి, చురుకైనది" అని రాస్తే చివరికి మీకే ఏమీ గుర్తుండదు. "పెదవులు ఎండిన బిడ్డకు పొట్ట మీద చర్మం పట్టి చూసింది, తల్లికి ఓఆర్ఎస్ కలిపి చూపించింది, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పలేదు" అని రాయండి. రోగుల పేర్లు రాయకండి.

మార్కుల బదులు నేను ఒక మెట్టు వేస్తాను. నెదర్లాండ్స్‌కు చెందిన ఓలె టెన్ కాటె 2005 నుంచి ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన అది: ఈ పనిని ఈ మనిషికి ఎంతవరకు అప్పగించవచ్చు? చూస్తే చాలు అన్నది ఒకటో మెట్టు. నేను పక్కన ఉంటే చేయగలరు, రెండు. పిలిస్తే వచ్చే దూరంలో నేనుంటే చాలు, మూడు. ఒంటరిగా చేయగలరు, నాలుగు. మరొకరికి నేర్పగలరు, ఐదు. పదిలో ఏడా ఎనిమిదా అని తర్జనభర్జన పడేకంటే "ఈ రాత్రి నేను ఊళ్లో లేకపోతే కాన్పు గదిని ఈమెకు వదలగలనా?" అని మనల్ని మనం ప్రశ్నించుకోవడం తేలిక. జవాబూ నిజంగా ఉంటుంది.

పోస్టింగ్ సగంలో ఆ పేజీలు వాళ్ల ముందు పెట్టి పది నిమిషాలు మాట్లాడండి. చివరి రోజు వినే మాట కొత్తది కాకూడదు. సరిదిద్దుకునే సమయం ఉండగానే చెప్పాలి.

మనలో ఉండే వంకర

మన కళాశాల పిల్లలు, మన ఊరివాళ్లు, ఇంగ్లిషు చక్కగా మాట్లాడేవాళ్లు, నవ్వుతూ పలకరించేవాళ్లు మన కంటికి పని కంటే ఎక్కువ బాగా కనబడతారు. మౌనంగా, మొహమాటంగా ఉండే పిల్లలు తక్కువగా కనబడతారు. ఫలానావారి అబ్బాయి అని ఫోన్లు వస్తాయి. నోటుపుస్తకంలో కళ్లకు కనబడినదే రాసే అలవాటు ఉంటే ఈ వంకర చాలావరకు సర్దుకుంటుంది. మిగిలిన కాస్తకూ ఇంకొకరి కన్ను కావాలి. సందేహంగా ఉన్నవారిని ఒకరోజు పక్క పీహెచ్‌సీ డాక్టరును చూడమని అడుగుతాను. నేను కూడా వాళ్ల పిల్లలను చూసి పెడతాను.

ఇంకొకటి, పీజీ ప్రవేశ పరీక్ష. చదువుకోవాలి, పోస్టింగ్‌కు రాలేమని బతిమాలుతారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మధ్యాహ్నం ఓపీ పలుచబడ్డాక ఒక గది ఇచ్చి చదువుకోమంటాను. రాని రోజును మాత్రం వచ్చినట్టు రాయను. ఒకరికి రాస్తే, ఎండలో బస్సెక్కి రోజూ వచ్చినవారికి అన్యాయం చేసినట్టే.

చివరి వారం

మూడు రోజుల ముందే లాగ్‌బుక్‌లు తీసుకోండి. నోటుపుస్తకం పక్కన పెట్టుకుని గడి గడికీ సరిచూడండి. మీరు గానీ, మీ నర్సు గానీ, ఏఎన్‌ఎం గానీ చూడని పని ఉంటే ఆ గడి ఖాళీగా వదిలి, ఇంకా మూడు రోజులున్నాయని వాళ్లకు చెప్పండి. నూటికి తొంభై మంది పరుగెత్తి వచ్చి చేసి చూపిస్తారు.

అప్పటికీ తేలనివారు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ల భవిష్యత్తు చెడగొడుతున్నామేమో అన్న దిగులుతో మనం కళ్లు మూసుకుంటాం. అలా మూసుకోవద్దు. ముందుగా పిలిచి, ఏం రాయబోతున్నారో మీరే ముఖం చూసి చెప్పండి. తర్వాత కమ్యూనిటీ మెడిసిన్ విభాగాధిపతికి ఉత్తరం రాయండి: ఏ పని, ఏ తేదీల్లో చూశాను, ఏం కనబడింది, ఎన్నిసార్లు చెప్పాను, ఏం మారలేదు, ఏ పనిని ఇంకెన్ని రోజులు చేయించాలి. మనిషి గురించి ఒక్క విశేషణం వద్దు. నోటుపుస్తకం పేజీల నకలు జతచేసి, ఇంకో నకలు ఆ హౌస్‌సర్జన్‌కే ఇవ్వండి. నేను ఇలా రాసింది రెండే సార్లు. ఒకసారి ఆ అబ్బాయి మళ్లీ నా దగ్గరికే రెండు వారాలకు వచ్చాడు. మొదటి రోజే అట్ట అడిగి తీసుకుని, ఖాళీగా ఉన్న గడుల కింద పెన్సిలుతో గీతలు పెట్టుకుని, కాన్పు గదికి వెళ్లి స్టాఫ్ నర్సును పలకరించాడు.